చీకటి దొరకని గదిలో సైన్సు తెర: ప్రాజెక్టు డైరీ

ఒక తరగతి గది కోసం కట్టిన సైన్సు ప్రదర్శన పెట్టె తయారీ లెక్క ఇది. గది పొడవు 7.5 మీటర్లు, వెడల్పు 5.5 మీటర్లు. ఎడమ గోడకు మూడు కిటికీలు. 44 మంది పిల్లలు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఇంటర్నెట్ లేదు, ల్యాబ్ లేదు. పీరియడు 45 నిమిషాలు.

పెట్టెలో ఉన్నవి: ఒక ప్రొజెక్టరు, రాస్ప్‌బెరీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటరు, ఒక వెబ్‌క్యామ్, స్పీకరు, బ్యాటరీ. వీడియోలు ఆడించడం ఈ పెట్టెకు రెండో పని. టీచరు చేతిలో ఉన్న అసలు వస్తువును, అది ఉల్లిపొర కానీ, అయస్కాంతం చుట్టూ చేరిన ఇనుపరజను కానీ, చివరి బెంచీకి కూడా ఆనేంత పెద్దగా అప్పటికప్పుడు చూపించడం మొదటి పని. కింద తీసుకున్న నిర్ణయాలన్నీ దీన్నుంచి వచ్చినవే.

ఇలాంటిది కట్టబోయేవాళ్లకు ముందే ఒక మాట: కొనాల్సిన వస్తువుల జాబితాతో మొదలుపెట్టకండి, లక్స్ మీటరుతో (ఒక చోట పడే వెలుతురును కొలిచే పరికరం) మొదలుపెట్టండి. మేం ఆ వరస తప్పాం. అందుకే మొదటి తెర, మొదటి బ్యాటరీ, మొదటి వైర్లు అన్నీ పక్కన పడేయాల్సి వచ్చింది.

దశ 1: తెర మీద పడే గది వెలుతురు

ప్రొజెక్టరుకు నలుపును వేయడం రాదు. తెర మీద "నలుపు" అంటే అక్కడ అప్పటికే పడి ఉన్న గది వెలుతురే. కాబట్టి బొమ్మ ఎంత తేటగా ఉంటుందో చెప్పే లెక్క ఇంతే:

కాంట్రాస్టు = (గది వెలుతురు + ప్రొజెక్టరు వెలుతురు) ÷ గది వెలుతురు

రెండూ తెర దగ్గర లక్స్‌లో కొలిచినవి కావాలి. బొమ్మలు, పెద్ద అక్షరాలు చదవడానికి 7:1 ఉండాలని లక్ష్యం పెట్టుకున్నాం. అంటే ప్రొజెక్టరు వెలుతురు గది వెలుతురుకు కనీసం 6 రెట్లు.

కొలిచే తీరు:

1. మీటరును తెర వచ్చే చోట గోడకు ఆనించి, సెన్సరు పిల్లల వైపు ఉండేలా నిలబెట్టాలి. మేం మొదట బల్ల మీద పడుకోబెట్టి కొలిచాం, 520 వచ్చింది. గోడకు నిలబెడితే 310. మొదటి అంకె ఈ లెక్కకు పనికిరాదు.
2. నాలుగు మూలలు, మధ్య, మొత్తం ఐదు చోట్ల కొలిచి సగటు తీయాలి.
3. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు కొలిచి, అన్నిటికన్నా పెద్ద అంకెనే పట్టుకోవాలి. సగటు రోజుకు కట్టిన తెర ఎండ కాసే రోజున వెలవెలబోతుంది.
4. ఫోను యాప్‌ను నమ్మాల్సి వస్తే పోలికకే వాడాలి. ఫోను సెన్సరు పక్కల నుంచి వచ్చే వెలుతురును తక్కువగా పట్టుకుంటుంది.

మొదటి ప్రయత్నంలో మూడు కిటికీలకూ నల్లగుడ్డ కట్టేశాం. తెర దగ్గర 6 లక్స్. బొమ్మ అద్భుతంగా ఉంది, పాఠం మాత్రం నడవలేదు. గాలి ఆడక 20 నిమిషాల్లో గది వేడి 4 డిగ్రీలు పెరిగింది. పిల్లలు పుస్తకంలో బొమ్మ గీసుకోలేకపోయారు. ఎవరికి అర్థమైందో, ఎవరికి కాలేదో టీచరుకు ముఖాలు చూసి తెలిసే వీలు పోయింది. సైన్సులో చూసినదాన్ని గీయడం సగం పాఠం. గీయలేని చీకటి మాకు అక్కర్లేదని ఆ గుడ్డలు తీసేశాం.

తర్వాత గదిని వదిలేసి, తెర ఒక్కదాన్నే నీడలో పెట్టే పని పట్టాం. ఒక్కో మార్పు తర్వాత తెర దగ్గరి కొలత:

- ఏమీ మార్చకముందు: 310 లక్స్
- తెరకు దగ్గరి కిటికీ రెక్కలు మూశాక: 140
- తెరను ముందుకు వంచాక (ఎందుకో దశ 2లో ఉంది): 105
- తెరకు పైన, కిటికీ వైపు 45 సెం.మీ. లోతు నల్ల అట్ట రెక్కలు కట్టాక: 55
- రెండో కిటికీ కింది సగానికి ముదురు గుడ్డ వేశాక: 38

మూడో కిటికీ పూర్తిగా తెరిచే ఉంది. బెంచీల మీద 90 లక్స్ దాటి ఉంది, రాసుకోవచ్చు. అట్ట రెక్కల లోపలివైపు నలుపు తప్పనిసరి. మొదట గోధుమరంగు అట్టను అలాగే వదిలేశాం. అది వెలుతురును తిరిగి తెర మీదికే కొట్టి 55 రావాల్సిన చోట 71 చూపించింది.

తెరకు 1.30 × 0.75 మీ. ప్లైవుడ్‌కు మెరుపు లేని తెల్లరంగు రెండు పూతలు, చుట్టూ 4 సెం.మీ. నల్ల అంచు. అంతకుముందు వాడిన ఫ్లెక్సీ వెనకవైపు నిగనిగలాడి, ఒక పక్క కూర్చున్నవాళ్లకు మధ్యలో తెల్లటి మచ్చ తప్ప ఏమీ కనిపించలేదు.

దశ 2: ప్రొజెక్టరు అసలు బలం

ప్రొజెక్టరు పెట్టె మీద 6000 ల్యూమెన్లని (అది విడిచే మొత్తం వెలుతురుకు కొలత) అచ్చు వేసి ఉంది. కొలిస్తే 210. చవక ఎల్‌ఈడీ ప్రొజెక్టర్ల పెట్టెల మీది అంకెను లెక్కలోకి తీసుకోకండి. కొలవడం పది నిమిషాల పని:

1. పూర్తి తెల్ల స్లయిడు వేసి, బొమ్మను 1.60 × 0.90 మీ.కు సరిచేయాలి. వైశాల్యం 1.44 చ.మీ.
2. బొమ్మను 3 × 3 గళ్లుగా ఊహించుకుని, 9 గళ్ల మధ్యలో లక్స్ కొలవాలి. ప్రతి అంకెలోంచి గది వెలుతురును తీసేయాలి.
3. తొమ్మిదింటి సగటు × వైశాల్యం = ల్యూమెన్లు. ఇక్కడ 146 × 1.44 = 210.

గది వెలుతురు 310 ఉన్న రోజున 1.60 మీ. బొమ్మకు వచ్చిన కాంట్రాస్టు 1.47:1. అంటే తెల్లబోర్డు మీద పెన్సిలు గీతలంత. బొమ్మను 1.20 × 0.675 మీ.కు తగ్గిస్తే వైశాల్యం 0.81 చ.మీ., వెలుతురు 259 లక్స్. పెద్ద తెర కోరికను ఇక్కడే వదిలేసుకోవాలి. బొమ్మ వెడల్పు సగమైతే వెలుతురు నాలుగింతలవుతుంది. ఇంకో ప్రొజెక్టరు కొనకుండా దొరికే లాభం ఇంతకు మించి లేదు.

తర్వాత రిజల్యూషను. "1080 ఆడుతుంది" అంటే ఆ సిగ్నలును తీసుకుంటుందని మాత్రమే అర్థం. ఒక పిక్సెల్ నలుపు, ఒక పిక్సెల్ తెలుపు చొప్పున నిలువు గీతల స్లయిడు తయారుచేసి వేయండి. గీతలు విడివిడిగా కనిపిస్తే ఆ రిజల్యూషను నిజం. బూడిదరంగు అలలుగా కనిపిస్తే లోపలి ప్యానెలు అంతకన్నా చిన్నది. మాది 1280 × 720 అని తేలింది. 1.20 మీ. బొమ్మలో ఒక్కో పిక్సెల్ 0.94 మి.మీ.

ప్రొజెక్టరును ఎక్కడ పెట్టాలన్నది చాలా సమయం తిన్న ప్రశ్న. దీని లెన్సుకు బొమ్మ వెడల్పుకు 1.4 రెట్ల దూరం కావాలి, అంటే 1.68 మీ. బొమ్మ సరిగ్గా లెన్సుకు ఎదురుగా పడుతుంది, పైకి జరగదు. బొమ్మ మధ్య ఎత్తులోనే ప్రొజెక్టరును నిలబెడితే ముందు వరస పిల్లల కళ్లకు అడ్డం. పైనుంచో కిందనుంచో వేసి మెనూలో కీస్టోన్ (వాలుగా వేసినందుకు బొమ్మ ఒక అంచు వెడల్పవడం) సరిచేస్తే, ఆ సరిచేత పిక్సెళ్లను కుదించి అక్షరాల అంచులు అలికేస్తుంది.

చివరికి కుదిరిన ఏర్పాటు: లెన్సు 0.75 మీ. ఎత్తులో చిన్న స్టూలు మీద, బొమ్మ మధ్యభాగం 1.35 మీ. ఎత్తులో. కిరణం 21 డిగ్రీలు పైకి పోతుంది. తెరను కూడా అంతే వంచితే, అంటే పై అంచును కింది అంచుకన్నా 27 సెం.మీ. ముందుకు తెస్తే, బొమ్మ నాలుగు మూలలూ సమంగా వస్తాయి, కీస్టోన్ సున్నా. వంగిన తెర నేల వైపు చూస్తుంది కాబట్టి కిటికీ వెలుతురు తక్కువ పడుతుంది. 140 నుంచి 105కు దిగింది అందుకే. కిందినుంచి వచ్చే కిరణం తెర ముందు నిలబడినవాళ్ల కళ్లలో కొడుతుంది కనుక నేల మీద పసుపు టేపుతో గీత వేశాం. పాఠం జరుగుతున్నప్పుడు ఎవరూ ఆ గీత దాటకూడదు.

ఇప్పటిదాకా: బొమ్మ 1.20 × 0.675 మీ., ప్రొజెక్టరు 259 లక్స్, గది 38 లక్స్, కాంట్రాస్టు 7.8:1.

దశ 3: తెలుగు అక్షరం ఎంత ఎత్తుండాలి

ప్రదర్శనలకు తరచు చెప్పే సూత్రం, అక్షరం ఎత్తు = దూరం ÷ 200. 5.5 మీ. దూరానికి 27.5 మి.మీ. 28 మి.మీ. అక్షరాలతో పరీక్ష పెట్టాం. మాటలు ఇస్తే పిల్లలు ఊహించి చదివేస్తారు. అందుకే ఒకదాన్ని చూసి ఇంకొకటనుకునే జతలను విడి అక్షరాలుగా ఇచ్చాం: థ-ధ, బ-భ, మ-య, ప-ష. థ-ధ దగ్గరే పరీక్ష పోయింది. ఆ రెంటికీ తేడా లోపలి చుక్క ఒక్కటే. ఆరోగ్యమైన కంటికి 5.5 మీ. దూరంలో దాదాపు 1.6 మి.మీ. కన్నా చిన్న తేడా ఆనదు. 28 మి.మీ. అక్షరంలో చుక్కకూ గీతకూ మధ్య ఉన్న ఖాళీ అంతే ఉంటుంది. 40 మి.మీ.కు పెంచాక తప్పులు పోయాయి.

వత్తులు కూడా చోటు తింటాయి. "స్త్రీ", "రాష్ట్రం" లాంటివి కింద రెండంతస్తులు దిగుతాయి. వరసకూ వరసకూ మధ్య అక్షరం ఎత్తుకు 2.2 రెట్లు ఇవ్వకపోతే పై వరస వత్తు కింది వరస గుడిలో ఇరుక్కుంటుంది. 40 మి.మీ. అక్షరానికి వరస 88 మి.మీ. తెరలో ఏడు వరసలు పడతాయి. బొమ్మకు చోటు వదిలితే ఒక స్లయిడుకు ఐదు వరసలకు మించి పెట్టకూడదు. ఇంకా ఎక్కువ రాయాలంటే నల్లబల్ల ఉండనే ఉంది.

చాలా తెలుగు ఫాంట్లలో అచ్చమైన అక్షరం ఎత్తు ఫాంటు సైజులో సగం దగ్గరే ఉంటుంది. సైజు అంకెను చూసి ఊరుకోకుండా తెర మీద స్కేలు పెట్టి కొలవండి.

ఇంకో తప్పు ఆలస్యంగా దొరికింది. వీడియో ప్లేయరులో సబ్‌టైటిళ్లు "శాస్త్రం" బదులు "శాస్‌త్‌రం" అని వచ్చాయి. ఆ ప్లేయరుకు వత్తులను కూర్చే షేపింగు లేదు, ఫాంటు మార్చినా లాభం లేదు. పేర్లను, శీర్షికలను కంప్యూటరులో ముందే బొమ్మలుగా మార్చి పెట్టెలోకి ఎక్కించాం. అప్పటినుంచి ఏ ప్లేయరులో వేసినా సరిగానే వస్తున్నాయి.

చివరి బెంచీలు 7 మీ. దూరంలో ఉన్నాయి, వాళ్లకు 40 మి.మీ. చాలదు. అక్షరాన్ని 51కి పెంచితే స్లయిడులో ఏమీ మిగలదు. వెనక రెండు వరసల బెంచీలను ముందుకు తెచ్చి రెండు పక్కల ఏటవాలుగా వేశాం. తెర మెరవదు కాబట్టి పక్కనుంచి 40 డిగ్రీల వాలులో చూసినా వెలుతురు పెద్దగా తగ్గలేదు. ఇప్పుడు 44 మందీ 5.5 మీ. లోపలే.

దశ 4: కరెంటు

మొదటి ఏర్పాటు: 12 వోల్టుల 18 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ, ఇన్వర్టరు, దాని మీద ప్రొజెక్టరు అడాప్టరు. బ్యాటరీలో 216 వాట్-అవర్లు. లెడ్ యాసిడ్‌ను సగానికి మించి వాడితే త్వరగా చస్తుంది, కాబట్టి చేతికొచ్చేది 108. ఇన్వర్టరులో 15 శాతం, అడాప్టరులో మళ్లీ 15 శాతం పోగా మిగిలేది 72 శాతం. మొత్తం వాడకం 55 వాట్లు: ప్రొజెక్టరు 46, రాస్ప్‌బెరీ పై, కెమెరా కలిపి 5.5, స్పీకరు 3, దీపం 0.5. బ్యాటరీ నుంచి లాగేది 76 వాట్లు. లెక్క ప్రకారం 85 నిమిషాలు, గడియారం పెట్టి చూస్తే 81.

12 వోల్టులను 230కి పెంచి మళ్లీ 12కి దించడం శుద్ధ దండగ. ఇన్వర్టరును తీసేశాం.

రెండో ఏర్పాటు:

1. 12.8 వోల్టుల 20 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, లోపల రక్షణ సర్క్యూటు ఉన్నది. 256 వాట్-అవర్లు, 80 శాతం వాడుకంటే 205.
2. బ్యాటరీ పాజిటివ్ నుంచి 15 సెం.మీ. లోపలే 10 ఆంపియర్ల ఫ్యూజు. ఇది పెట్టకుండా ఒక్కరోజు కూడా వాడొద్దు.
3. ప్రొజెక్టరుకు 12.0 వోల్టులు స్థిరంగా ఇచ్చే బక్-బూస్టు కన్వర్టరు. నిండా చార్జయిన బ్యాటరీ 14 దాటుతుంది, ఖాళీ అవుతున్నప్పుడు 12 కిందికి దిగుతుంది. నేరుగా కలిపితే ఆ చివరన ప్రొజెక్టరు బోర్డు కాలొచ్చు, ఈ చివరన ఆరిపోవచ్చు.
4. రాస్ప్‌బెరీ పైకి విడిగా 5.1 వోల్టుల, 3 ఆంపియర్ల కన్వర్టరు.

కన్వర్టర్లలో 10 శాతం పోయినా లాగేది 61 వాట్లే. 205 ÷ 61 = 3 గంటల 20 నిమిషాలు.

తెర వెలిగిన పది నిమిషాలకల్లా ప్రొజెక్టరు ఆరిపోవడం మొదలుపెట్టింది. బ్యాటరీ పక్కనున్న కన్వర్టరు దగ్గర 12.0, ప్రొజెక్టరు దగ్గర 10.7. దొంగ 5 మీ. వైరు. 0.5 చదరపు మి.మీ. రాగి తీగ మీటరుకు 34.5 మిల్లీఓమ్‌లు, పోవడం రావడం కలిపి 10 మీ. అంటే 0.345 ఓమ్‌లు. 3.8 ఆంపియర్లకు 1.3 వోల్టులు వైరులోనే పోతున్నాయి. 2.5 చదరపు మి.మీ. వైరు వేస్తే 0.26 వోల్టులే పోయాయి. ఇంట్లో దీపానికి సరిపోయిన వైరు 12 వోల్టులకు సరిపోదు. అదే పవరుకు ఇక్కడ కరెంటు దాదాపు 19 రెట్లు.

రాస్ప్‌బెరీ పైలోనూ ఇదే జబ్బు, వేరే రూపంలో. తెర మూలన మెరుపు గుర్తు వచ్చి, కెమెరా బొమ్మ ఆగి ఆగి నడిచింది. 4.63 వోల్టుల కిందికి పోతే ఆ గుర్తు వస్తుంది. సన్నటి యూఎస్‌బీ కేబులును తీసేసి, 20 సెం.మీ. లావు కేబులు వేశాక పోయింది.

ఇంకొకటి: ఎవరో ఒకరు తప్పకుండా ప్లగ్గు పీకేస్తారు. అలా రెండుసార్లు మెమరీ కార్డు పాడైంది. కార్డును చదవడానికి మాత్రమే తెరుచుకునేలా, రాతలన్నీ ర్యామ్‌లోకి పోయేలా సెట్ చేశాం. కార్డు నకలు ఇంకోటి పెట్టె మూతకు అంటించి ఉంటుంది.

ఇప్పటిదాకా: రోజుకు 5 పీరియడ్లు, ఒక్కోదానిలో తెర వెలిగేది 25 నిమిషాలు, మొత్తం 125 నిమిషాలు, 127 వాట్-అవర్లు. 50 వాట్ల సోలార్ పలక రోజుకు 4.5 గంటల నిండు ఎండకు, 30 శాతం నష్టాలు పోగా 157 ఇస్తుంది. ఒక రోజు మబ్బు పట్టినా బ్యాటరీ మోస్తుంది, వరసగా రెండో రోజూ మబ్బైతే మోయలేదు. పెట్టె బరువు 11.4 కిలోల నుంచి 7.9 కిలోలకు తగ్గింది.

దశ 5: వెబ్‌క్యామ్ మైక్రోస్కోపు

మొత్తం పెట్టెలో పిల్లలకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చిన భాగం ఇదే. అన్నిటికన్నా ఎక్కువసార్లు విప్పి కట్టిందీ ఇదే.

లెన్సును తిప్పి బిగించడం:

1. చేత్తో తిప్పి ఫోకస్ చేసే 1280 × 720 వెబ్‌క్యామ్ కావాలి. ఆటోఫోకస్ రకం వద్దు.
2. లెన్సు మరల మీద జిగురు చుక్క ఉంటుంది. బ్లేడుతో గీరి, లెన్సును పూర్తిగా విప్పాలి. సెన్సరును వేలితో తాకొద్దు, తెరిచి పెట్టొద్దు. ఒక్క దుమ్ము రేణువు తెర మీద బఠానీ గింజంత మచ్చవుతుంది.
3. లెన్సును తలకిందులుగా పెట్టి, రబ్బరు వాషరుతో బిగించాలి. జిగురు అద్దం మీదికి పాకకూడదు.
4. లెన్సును తిప్పేటప్పుడు పరారుణ ఫిల్టరు ఊడిపోతే, పాతకాలపు బల్బు వెలుతురులో రంగులు గులాబీగా వస్తాయి. తెల్ల ఎల్‌ఈడీలో పరారుణం దాదాపు ఉండదు కాబట్టి దాంతో ఇబ్బంది లేదు.

ఇప్పుడు వస్తువు లెన్సుకు 2 నుంచి 3 మి.మీ. దూరంలో ఉంటే ఫోకస్ అవుతుంది. పారదర్శక స్కేలును కింద పెట్టి చూస్తే 1 మి.మీ. గడికి 340 పిక్సెళ్లు వచ్చాయి. అంటే తెరంతా కలిపి 3.76 మి.మీ. వెడల్పు. 1200 ÷ 3.76 = 319 రెట్లు.

ఈ అంకెతో ఏది చూపించొచ్చో, ఏది కుదరదో ముందే తేల్చుకోవచ్చు. 0.3 మి.మీ. ఉల్లి కణం తెర మీద 96 మి.మీ., బ్రహ్మాండం. 0.25 మి.మీ. పారమీసియం 80 మి.మీ., ఈదుతూ కనిపిస్తుంది. 0.06 మి.మీ. బుగ్గ కణం 20 పిక్సెళ్లు, దాని కేంద్రకం రెండు మూడు పిక్సెళ్లు, అంటే ఉత్త చుక్క. పత్రరంధ్రాలూ అంతే, చుక్కల స్థాయి దాటవు. బాక్టీరియా గురించి ఆశ పెట్టుకోవద్దు. బుగ్గ కణాలకు మామూలు మైక్రోస్కోపులో కన్ను పెట్టి చూసే లెన్సు మీద తిప్పని లెన్సున్న కెమెరాను ఆనించడమే దారి.

ఫోకస్: మొదట చేత్తో కెమెరాను ఎత్తి దించాం. ఫోకస్ లోతు 0.1 మి.మీ. దగ్గర ఉంటుంది, చేతికి అందదు. ఎం4 బోల్టు ఒక చుట్టుకు 0.7 మి.మీ. కదులుతుంది. దాని తలకు 50 మి.మీ. సీసా మూత అతికిస్తే ఏడోవంతు చుట్టు తేలిగ్గా వస్తుంది.

వణుకు: వస్తువు 0.1 మి.మీ. కదిలితే తెర మీద 32 మి.మీ. గెంతుతుంది. ఎవరు నడిచినా ఉల్లిపొర ఊయలూగింది. బరువైన స్టాండు వేశాం, తగ్గలేదు. కెమెరా స్టాండు మీద, గాజుపలక బల్ల మీద ఉండటమే అసలు తప్పు. రెండింటినీ ఒకే ప్లైవుడ్ ముక్కకు బిగించి, దాని కింద మడతపెట్టిన సైకిల్ ట్యూబు పెట్టాం. బల్ల ఊగినా ఇప్పుడు రెండూ కలిసే ఊగుతాయి, బొమ్మ నిలబడుతుంది.

దీపం: వెలుతురును తగ్గించి పెంచే ఎల్‌ఈడీ దీపం పెడితే తెర మీద నల్లపట్టీలు కిందికి జారుతూ కనిపించాయి. ఆ దీపాలు వేగంగా ఆరుతూ వెలుగుతూ మసకబారుతాయి. సెన్సరు వరసవరసగా చదువుతుంది కాబట్టి ఆరిన క్షణాలు పట్టీలవుతాయి. 5 వోల్టులకు 100 ఓమ్‌ల రెసిస్టరుతో ఒకే తెల్ల ఎల్‌ఈడీ పెట్టాం, దాదాపు 19 మిల్లీ ఆంపియర్లు, పట్టీలు పోయాయి. వెలుతురు ఎక్కువైతే ట్రేసింగ్ కాగితం ఇంకో పొర వేస్తే చాలు.

ఆలస్యం: సూది కదిపాక తెర మీద కదలడానికి సమయం పట్టింది. కెమెరా కుదించని వీడియో పంపుతోంది, సెకనుకు 10 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము 1.84 మెగాబైట్లు, 30 పంపాలంటే 55 మెగాబైట్లు కావాలి. యూఎస్‌బీ 2.0 దారి కాగితం మీదే 60, నిజంగా దొరికేది ఇంకా తక్కువ. ఒక్కో ఫ్రేమునూ కుదించి పంపే మోషన్ జేపెగ్‌కు మార్చితే 30 ఫ్రేములు వచ్చాయి. ఆటో ఎక్స్‌పోజరు, ఆటో వైట్ బ్యాలెన్సు కూడా ఆపేయండి. లేకపోతే చేయి అడ్డం వచ్చినప్పుడల్లా తెరంతా వెలిగి ఆరుతుంది.

ఉల్లిపొరకు: లోపలివైపు పలచని పొర, నీటి చుక్క, ఒక చుక్క అయోడిను, కవర్ స్లిప్పును ఒక అంచు ఆనించి మెల్లగా దించాలి. ధడేలున వదిలితే గాలి బుడగలు. కవర్ స్లిప్పు లేకుండా పెట్టిన పొర పాఠం సగానికే ఎండి ముడుచుకుంది.

దశ 6: వర్ణపటం, ఒక తప్పుడు లెక్క

ప్రొజెక్టరు దగ్గరే తెల్ల వెలుతురు ఉంది కదా, నల్ల స్లయిడులో సన్నటి తెల్లగీత వేసి, లెన్సు ముందు సీడీ ముక్క పెడితే గోడంతా ఇంద్రధనుస్సు వస్తుందనుకున్నాం. సీడీ గీతల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. 450 నానోమీటర్ల నీలం 16 డిగ్రీలకు, 650 ఎరుపు 24 డిగ్రీలకు వంగుతాయి. 1 మీ. దూరంలో 15 సెం.మీ. వెడల్పు పట్టీ రావాలి. వచ్చింది కూడా, కానీ ఎవరికీ కనిపించలేదు. 1280లో 14 పిక్సెళ్ల గీత అంటే 210 ల్యూమెన్లలో 2.3 మాత్రమే. అందులోనూ కొంతే వర్ణపటంలోకి పోతుంది. గోడ మీద మిగిలింది సుమారు 5 లక్స్, గది వెలుతురు 38. దశ 1 లెక్కను ఇక్కడ ముందే వేసుంటే ఒక మధ్యాహ్నం మిగిలేది.

మార్పు: సీడీ ముక్కను వెబ్‌క్యామ్ ముందుకు తెచ్చాం. సీడీ వెండిపొరను గట్టి టేపుతో ఊడదీసి, మిగిలిన పారదర్శక ముక్కను తిప్పని లెన్సు ముందు అంటించాం. రెండు బ్లేడు అంచుల మధ్య 0.3 మి.మీ. చీలిక, నల్ల అట్ట గొట్టం, చివర కెమెరా 20 డిగ్రీలు పక్కకు తిప్పి. కెమెరా పట్టుకున్న వర్ణపటాన్ని ప్రొజెక్టరు పూర్తి బలంతో తెర మీద వేస్తుంది. డీవీడీ గీతల దూరం 0.74 మైక్రోమీటర్లు, పట్టీ ఇంకా వెడల్పుగా వస్తుంది. కానీ ఆకుపచ్చ 48 డిగ్రీలకు పోతుంది కనుక గొట్టం మోచేతిలా వంచి కట్టాలి. పాఠానికి సీడీ చాలు.

దీంతో ఎల్‌ఈడీకి 450 దగ్గర పదునైన నీలం, 480 దగ్గర లోయ, తర్వాత వెడల్పాటి గుట్ట కనిపిస్తాయి. పాత తంతు బల్బుకు ఎక్కడా తెగని పట్టీ. సీఎఫ్‌ఎల్‌కు పాదరసం గీతలు 436, 546 నానోమీటర్ల దగ్గర విడిగా నిలబడతాయి. ఆ రెండు గీతలనే ఆధారం చేసుకుని తెర మీద స్కేలు గీసుకోవచ్చు. పొరపాటున కూడా చీలికను సూర్యుడి వైపు తిప్పొద్దు, తెల్లకాగితం మీద పడిన ఎండను చూడండి.

దశ 7: సుద్దపొడి

స్టూలు మీద, నేలకు దగ్గరగా ఉన్న ప్రొజెక్టరు సుద్దపొడిని బాగా పీలుస్తుంది. ఫ్యాను గాలిదారికి స్పాంజి అంటించాం. బయటికొచ్చే గాలి 51 డిగ్రీల నుంచి 66కి ఎక్కి, 18 నిమిషాలకు ప్రొజెక్టరు తనంతట తాను ఆగిపోయింది. ఇలాగే వదిలేస్తే ఎల్‌సీడీ పొర కాలి బొమ్మలో పసుపు మచ్చ పడుతుంది, అది ఇక పోదు.

వడపోత గుడ్డ తప్పు కాదు, దాని వైశాల్యం తప్పు. 60 చ.సెం.మీ. రంధ్రాన్ని నేరుగా మూయకుండా, దాని చుట్టూ అట్టపెట్టె కట్టి, మూడు పక్కల కలిపి 300 చ.సెం.మీ. పలచని గుడ్డ వేశాం. 54 డిగ్రీల దగ్గర నిలబడింది. గుడ్డను వారానికోసారి దులపాలి, బల్ల తుడిచేవాళ్లు తడిగుడ్డ వాడాలి.

దశ 8: తరగతిలో

మొదటి పాఠాల్లో తేలింది ఏమంటే, తెర వెలిగితే చాలు పిల్లలు అటే చూస్తారు, టీచరు చెప్పేది వినరు. ప్రొజెక్టరు రిమోటులో తెరను నల్లగా చేసే బటను ఉంది. మాట్లాడాల్సినప్పుడల్లా అది నొక్కాలి. 25 నిమిషాల లెక్క వచ్చింది ఇందుకే.

ఊరికే చూపించి ఊరుకుంటే ఏమవుతుందో 2004లో హార్వర్డ్ భౌతికశాస్త్ర బృందం ప్రచురించింది: ప్రయోగాన్ని చూసి ఊరుకున్న విద్యార్థులకు, అసలు చూడనివాళ్లకు అర్థమైనదానిలో పెద్ద తేడా లేదు. ఏం జరుగుతుందో ముందే ఊహించి చెప్పాక చూసినవాళ్లకు తేడా వచ్చింది. అందుకే ప్రతి పాఠానికీ వరస ఇలా పెట్టాం:

1. తెర నల్లగా. ప్రశ్న అడగాలి: "ఈ పొరలో ఏం కనిపిస్తుందనుకుంటున్నారు? గీయండి." 2 నిమిషాలు.
2. స్కేలు ముక్కను చూపించాలి. 1 మి.మీ. గడి తెర మీద 32 సెం.మీ. ఉందని ఒకరితో కొలిపించాలి.
3. ఏ సెట్టింగూ మార్చకుండా స్కేలు తీసి అసలు వస్తువు పెట్టాలి.
4. పేర్లు చెప్పకుండా మళ్లీ గీయించాలి. 5 నిమిషాలు.
5. తెర నల్లగా చేసి, అప్పుడు పేర్లు.

రెండో మెట్టు మొదట లేదు. కణం ఎంత ఉంటుందని అడిగితే చేతి వేళ్లతో పది సెంటీమీటర్లు చూపించినవాళ్లు చాలామంది. తప్పు వాళ్లది కాదు, తెర వాళ్లకు చూపించింది అదే. కొలిచే మెట్టు కలిపాక వాళ్లే భాగించి 0.3 మి.మీ. అని చెబుతున్నారు.

నాలుగో మెట్టులో ఇంకో సంగతి బయటపడింది. చాలా బొమ్మల్లో అన్నిటికన్నా శ్రద్ధగా గీసినది గాలి బుడగ, చుట్టూ దట్టమైన నల్ల వలయంతో, "కేంద్రకం" అని పేరు పెట్టి మరీ. పేర్లు ముందే చెప్పి ఉంటే ఇది తెలిసేదే కాదు. ఇప్పుడు కావాలనే ఒక బుడగ ఉన్న స్లయిడు కూడా పెడుతున్నాం. బోల్టును కొద్దిగా తిప్పితే బుడగ అంచు సన్నబడి లావెక్కుతుంది, కణం గోడ అలా మారదు. రెండూ పక్కపక్కన ఉన్నప్పుడు మూతను తిప్పే పని పిల్లల చేతికే ఇస్తున్నాం.